ఎలుగుబంటి ఎక్కని కొండ

అనగనగా ఒక అడవి ఉండేదట. దాని పేరు కుంకుళ్ల కోన. ఆ కోనలో బొంతయ్య అనే ఎలుగుబంటి ఉండేవాడు. ఒంటి నిండా బొచ్చు, బొచ్చు కింద పొట్ట, పొట్ట కింద ఎక్కడో కాళ్లు. తన కాళ్లు తాను చూసుకుని రెండేళ్లయింది పాపం.

బొంతయ్యకి ఒక అక్క ఉండేది. సొంత అక్క కాదులెండి. మడుగులో ఉండే తాబేలు, పేరు చిప్పమ్మ. బొంతయ్య పిల్లగా ఉన్నప్పుడు వాళ్లమ్మ తేనెకు వెళ్తే, వీణ్ణి గట్టున కూర్చోబెట్టుకుని కబుర్లు చెప్పింది ఆవిడే. అందుకని వీడు "అక్కా" అంటాడు, ఆవిడ "ఒరేయ్ తమ్ముడూ" అంటుంది.

ఆ కోనలో ఒక ఆచారం ఉంది. కార్తీక పున్నమి వెళ్లిన మర్నాడు పొద్దున్నే జంతువులన్నీ చదును బండ దగ్గర చేరతాయి. ఒక్కొక్కరూ మూడు మాటలు ఇవ్వాలి. ఒకటి చదువు మాట. రెండోది ఒంటి మాట, అంటే ఒంటికి మేలు చేసే పని. మూడోది దాపుడు మాట, అంటే వేసవికి ఏం దాచుకుంటారో చెప్పడం. మాటలు ఇవ్వడం తేలికే. పున్నమి పున్నమికీ మళ్లీ అక్కడే చేరాలి, అదీ తంటా. ప్రతి ఒక్కరికీ ఒక తోడు ఉంటారు. ఆ తోడు లేచి "అయిందా?" అని అడుగుతారు. అయితే "అయింది" అనాలి. కాకపోతే "కాలేదు" అనాలి. అయిందంటే అందరూ "భేష్!" అంటారు. కాలేదంటే ఎవరూ ఏమీ అనకూడదని కట్టుబాటు. కానీ నక్క ఉంది కదా, కిసుక్కుమనేది.

వెనకటి రోజుల్లో తోడు ఊరికే అడిగి ఊరుకునేవాళ్లు కాదట. వెళ్లి కళ్లారా చూసి వచ్చేవాళ్లట. రాను రాను అది పోయింది. చూస్తానంటే అవతలివాళ్లు మొహం ముడుచుకుంటున్నారు మరి.

ఆ ఏడు బొంతయ్య బండెక్కి ఛాతీ విరుచుకుని మూడు మాటలు ఇచ్చాడు.

"ఒకటి! గోరింక పంతులమ్మ దగ్గర అక్షరాలన్నీ నేర్చుకుంటా. రెండు! రోజూ పొద్దున్నే కొండెక్కి దిగుతా. మూడు! పది రేగుపళ్లు దొరికితే మూడు ఎండబెట్టి నా చెట్టు తొర్రలో దాస్తా."

గోరింక పంతులమ్మ ఒక బడి చూరులో గూడు పెట్టుకుని, పిల్లలతో పాటు తానూ అక్షరాలు నేర్చుకుని వచ్చింది. మనుషులు అడవిలో అక్కడక్కడా పాతిన బోర్డులు చదవగలిగేది ఆవిడ ఒక్కతే.

అందరూ "భేష్!" అన్నారు. బొంతయ్య ఒళ్లు పులకరించింది. ఆ ఊపులో ఇంకొక మాట కూడా అనేశాడు.

"అక్కా! ఈ వేసవికి నువ్వు నడవనక్కర్లేదు. నా వీపు మీద ఎక్కించుకుని కొండ దాటిస్తా."

ఈ మాట చిన్నది కాదు, పిల్లలూ. ఏటా వైశాఖం వచ్చేసరికి మడుగు ఎండిపోతుంది. జంతువులన్నీ కొండ దాటి అవతలి నదికి పోతాయి. చిప్పమ్మ కొండ ఎక్కలేదు. అందుకని ఏటా మాఘ పున్నమి వెళ్లగానే బయలుదేరి, కొండ చుట్టూ తిరిగి, రెండు నెలలకు పైగా నడిచి నది చేరేది. ముళ్లు, ఎండ, మనుషుల బళ్లు, అన్నీ తప్పించుకుంటూ.

చిప్పమ్మ మెడ బయటికి చాచి నవ్వింది. "నిజంగానా తమ్ముడూ?"

"నా మాటంటే మాటే అక్కా!"

మొదటి రోజు బొంతయ్య కొండ సగం దాకా ఎక్కాడు. అక్కడో పుట్ట కనబడింది. చెదపురుగులు తిన్నాడు. తిన్నాక నిద్రొచ్చింది. సరే, రేపు రెండుసార్లు ఎక్కితే సరి అనుకున్నాడు. రెండో రోజు మంచు కురిసింది. మూడో రోజు మంచు కురవలేదు కానీ, కురుస్తుందేమో అనిపించింది. గోరింక దగ్గర అ, ఆ నేర్చుకున్నాడు. ఇ దగ్గరికి వచ్చేసరికి, ఆ వంకర చూసి తల తిరిగింది. నవ్వకండి. మీ పుస్తకాల్లో మొదటి రెండు పేజీలే ఎందుకు నలిగి ఉన్నాయో నాకు తెలియదా?

పున్నమి వచ్చింది. చిప్పమ్మకి తోడు కొండముచ్చు తాత. ఆయన ఆవిణ్ణి అడిగాడు. "రోజూ నూరడుగులు ఎక్కువ నడుస్తానన్నావు. అయిందా?"

"కాలేదు తాతా. అరవై అయ్యేసరికి కునుకు పట్టేస్తోంది."

నక్క కిసుక్కుమంది. చిప్పమ్మ దానివైపు తిరిగి, "నవ్వరా అబ్బాయ్, నవ్వితే ఆకలేస్తుంది. నీకు తిండి ఎలాగూ లేదుగా" అంది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. అంతటితో అయిపోయింది.

బొంతయ్యకి తోడు చిప్పమ్మే. ఆవిడ లేచి అడిగింది. "తమ్ముడూ, అయిందా?"

బొంతయ్య నక్కను చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "అయిందనే అనుకో అక్కా" అన్నాడు. ఇంకా నెల ఉందిగా, చేసేస్తే అయినట్టేగా అనుకున్నాడు లోపల.

"భేష్!"

రెండో పున్నమికి రేగుపళ్లు విరగకాశాయి. పదికి పదీ పొట్టలోకే పోయాయి. చిప్పమ్మ అడిగితే ఈసారి గొంతు సవరించుకోవాల్సిన పని కూడా పడలేదు. "అయింది" అన్నాడు.

"భేష్!"

మూడోది మాఘ పున్నమి. ఆ పొద్దున్న చిప్పమ్మ బండ దగ్గరికి కాకుండా తిన్నగా బొంతయ్య గుహకే వచ్చింది. వాణ్ణి తేరిపార చూసింది.

"ఒరేయ్, పొట్ట తగ్గినట్టు లేదే?"

"అది కండ అక్కా."

"అబ్బో! కండ అలా ఊగుతుందా? సరేగానీ, నేను రేపు బయలుదేరాలా, ఉండాలా? నీ తొర్ర ఒకసారి చూసి పోతాను. కొండ కూడా ఒకసారి నా ఎదురుగా ఎక్కి చూపించు. ఏమీ అనుకోకు."

ఇప్పుడు చెప్పేస్తే సరిపోయేది. నోటి దాకా వచ్చింది కూడా. కానీ మూడు నెలల నుంచి విన్న భేష్‌లన్నీ గొంతుకు అడ్డం పడ్డాయి. వాడు మూతి ముడుచుకుని ఇలా అన్నాడు.

"అంటే, నా మీద నమ్మకం లేదా అక్కా? చిన్నప్పట్నుంచీ ఇదేనా నువ్వు నన్ను చూసింది?"

చిప్పమ్మ తల సగం చిప్పలోకి పోయింది. "ఛ ఛ, అలా కాదురా. ముసలిదాన్ని, భయం. అంతే. అయితే అయినట్టేనా?"

"ఎప్పుడో అయింది!"

చిప్పమ్మ మరి బయలుదేరలేదు. మడుగులోనే ఉండిపోయింది.

ఫాల్గుణం పోయింది. చైత్రం పోయింది. మడుగు చిక్కి చిక్కి పెద్ద పళ్లెమంత అయింది. దుప్పులు వెళ్లిపోయాయి. కోతులు వెళ్లిపోయాయి. వెళ్తూ వెళ్తూ కొండముచ్చు తాత, "చిప్పమ్మా, నువ్వింకా ఇక్కడే ఉన్నావేం?" అని అడిగాడు. "మా తమ్ముడు ఎత్తుకుపోతాడు తాతా" అని గొప్పగా చెప్పింది ఆవిడ. బొంతయ్య పక్కనే ఉన్నాడు. గడ్డి పరక తుంచుతూ కూర్చున్నాడు.

ఇక తప్పని రోజు వచ్చింది. బొంతయ్య తొర్రలో చెయ్యి పెట్టాడు. ఎప్పుడో మొదటి నెలలో వేసిన మూడు ఎండు రేగుపళ్లు తగిలాయి. వాటికి చీమలు పట్టి ఉన్నాయి. దులిపి చిప్పమ్మకిచ్చాడు.

"మిగతావి?" అంది ఆవిడ.

"దారిలో దొరుకుతాయిలే అక్కా. మోత ఎందుకు?"

ఆవిడ వీపెక్కి బొచ్చులో సర్దుకుంది. బొంతయ్య నడక మొదలుపెట్టాడు. మొదటి బండ దగ్గరే ఆయాసం వచ్చింది. రెండో బండ దగ్గర నాలుక వేలాడింది. మూడో బండ దగ్గర కాళ్లు వణికి కూలబడిపోయాడు. అప్పటికి కొండ సగమైనా కాలేదు. ఎండ నడినెత్తికి వచ్చింది.

ఎలాగో లేచి ఇంకొంచెం ఎక్కాడు. అక్కడ దారి రెండుగా చీలింది. ఏటా అందరి వెనకాలే ఆగి ఆగి ఎక్కేవాడే గానీ, దారి ఎన్నడూ చూసుకోలేదు వాడు. రెండు దారుల మొదట్లోనూ చెరో బోర్డు ఉంది. బొంతయ్య ఒకదాన్ని చూశాడు, ఇంకొకదాన్ని చూశాడు. రెండిట్లోనూ అ లేదు. ఆ కూడా లేదు.

"ఏముందిరా?" అంది చిప్పమ్మ పైనుంచి.

"ఇటే అక్కా" అన్నాడు. ఎందుకు ఇటే అంటే, ఆ దారి దిగుడుగా ఉంది.

దిగీ దిగీ వాళ్లు చేరింది ఒక రాళ్ల గొయ్యికి. మనుషులు ఎప్పుడో రాయి కొట్టుకుని వదిలేసిన గొయ్యి అది. చుట్టూ తెల్లటి బండలు పెనంలా కాలుతున్నాయి. నీళ్లు లేవు, నీడ లేదు. పైన ఎగురుతున్న కాకి ఆగి వింతగా చూసింది.

"ఏం మామా, ఇటొచ్చావు? ఆ పక్క బోర్డు మీద నది అని రాసుందని పంతులమ్మ అంటుందిగా. రెండే అక్షరాలు!"

బొంతయ్య తల దించుకున్నాడు. మళ్లీ వెనక్కి ఎక్కుదామని లేవబోయాడు. కాళ్లు మాట వినలేదు. అప్పుడు చిప్పమ్మ అడిగింది.

"తమ్ముడూ, మాట ఇచ్చాక కొండ ఒక్కసారైనా ఎక్కావురా?"

"మొదటి రోజు... సగం దాకా అక్కా."

"అక్షరాలు?"

"అ, ఆ."

"ఇ అయినా రాలేదూ?" అంది ఆవిడ. నవ్వబోయింది కానీ పెదవులు ఎండిపోయి నవ్వు రాలేదు. మెల్లగా అంది. "మాఘంలో చెప్పి ఉంటే నేను నడిచిపోయేదాన్ని కదరా."

బొంతయ్య ఏడ్చాడు. గట్టిగా కాదు.

"ఏడవకు. ఒంట్లో ఉన్న నీళ్లు కూడా పోతాయి. నన్ను మళ్లీ మడుగు దగ్గరికి చేర్చు. బురదలో దూరి పడుకుంటా. వాన పడితే లేస్తా. నేనూ తప్పు చేశానులే. తోడునయ్యుండి, చూడకుండా ఊరుకున్నాను."

పొద్దు వాలాక పడుతూ లేస్తూ మడుగు దగ్గరికి వచ్చారు. చిప్పమ్మ మిగిలిన కాస్త బురదలోకి దూరింది. నాలుగు రోజులకే బురద పైపొర బీటలు వారి పెంకులా అయిపోయింది.

బొంతయ్య ఒక్కడే నదికి పోయి అక్కడే ఉండిపోవచ్చు. పోలేదు. రోజూ పొద్దున్నే కొండెక్కడం మొదలుపెట్టాడు. మొదట మూడో బండ దాకా. తర్వాత బోర్డుల దాకా. తర్వాత నది దాకా. గట్టిపడ్డ బురద తవ్వితే అక్క చిప్ప కూడా పగులుతుందేమోనని ఆవిణ్ణి పైకి తీయలేదు. తాను తాగి, నోటినిండా నీళ్లు పట్టుకుని, చిప్పమ్మ మీద పొయ్యాలని వెనక్కి వచ్చేవాడు. ఎంత బిగపట్టినా సగం నీళ్లు దారిలోనే గొంతు దిగిపోయేవి. మిగిలిన గుక్కెడు నీళ్లూ ఆ బీటల్లో పోస్తే, చుయ్యిమని ఇంకిపోయేవి. "అక్కా, వినబడుతోందా?" అనేవాడు. జవాబు వచ్చేది కాదు.

ఆ ఏడు వాన ఆలస్యమైంది. ఆషాఢం చివర్లో గానీ పడలేదు. మడుగు నిండింది. కప్పలు లేచాయి. పీతలు లేచాయి. నత్తలు కూడా లేచి గట్టెక్కాయి. బొంతయ్య గట్టున కూర్చుని చూశాడు. ఒక రోజు చూశాడు. రెండు రోజులు చూశాడు. మూడో రోజు నీళ్లలోకి దిగి బురద తవ్వాడు. చిప్ప దొరికింది. ఎత్తితే చాలా తేలికగా ఉంది.

అందరూ నది నుంచి తిరిగి వచ్చాక మళ్లీ చదును బండ దగ్గర చేరారు. బొంతయ్యని అడగడానికి ఎవరూ లేవలేదు. వాడికి తోడు లేరు కదా మరి. వాడే లేచాడు. పిలవకుండానే బండెక్కి నిలబడ్డాడు.

"కాలేదు" అన్నాడు. "మొదటి పున్నమికీ కాలేదు. రెండో పున్నమికీ కాలేదు. మాఘానికీ కాలేదు. అయిందని చెప్పాను."

నక్క కిసుక్కుమనలేదు. దాని చూపు నేల మీద ఉంది. కాసేపటికి అదే లేచి, "నాదీ కాలేదు" అంది. వెనక నుంచి కుందేలు, "నాది కూడా" అంది. తర్వాత నెమలి. తర్వాత ముళ్లపంది. ఆఖరికి కొండముచ్చు తాత గడ్డం గోక్కుంటూ, "పళ్లు తోముకుంటానన్నాను, అదీ కాలేదు" అన్నాడు. వేరే రోజైతే కోన కోనంతా పడీ పడీ నవ్వేది.

కాకి ఒక్కతే బొంతయ్యని ఓదార్చబోయింది. "ఇప్పుడు రోజూ కొండెక్కుతున్నావుగా మామా! ఎంత చిక్కావో! బోర్డులు కూడా చదువుతున్నావట, పంతులమ్మ చెప్పింది. ఇంకేం, అయిందను!"

బొంతయ్య కొండవైపు చూశాడు.

"ఎక్కుతున్నాను. వీపు మీద ఎవరూ లేరు" అన్నాడు.

నీతి: పూనుకున్న పని కాకపోతే "కాలేదు" అని చెప్పడం సిగ్గు కాదు, కానిదాన్ని "అయింది" అంటే, ఆ మాట నమ్ముకున్నవాళ్లు మునిగిపోతారు.