పెద్దదొరగారి ప్లగ్గులు

మిగతావన్నీ కరిగిపోయాక చింతలగడ్డ జమీందారు కుమారరాజుగారికి తండ్రి నుంచి మిగిలింది ఓ పాత కారూ, దాన్ని నడిపే పైడయ్యా.

ఆ కారు కొన్నాళ్లుగా దగ్గుతూ, ఆగుతూ నడుస్తోంది. పైడయ్య స్పార్క్ ప్లగ్గులు విప్పి చూస్తే మసిబారి, కొసలు అరిగిపోయి ఉన్నాయి. పట్నం వెళ్లి, పాతదాని పక్కన పెట్టి, బిగించే మరచుట్ల పొడవు సరిచూసుకుని, అచ్చం అలాంటివే కొత్తవి తెచ్చాడు.

"ఆ పాతవి నాన్నగారు పెట్టించినవి. ఆయన కాలంలో ఎలా ఉండేదో అన్నీ అలాగే ఉండాలి. ఏది మారినా నీ కొలువు పోతుంది," అన్నారు దొరగారు.

పైడయ్య పాతవాటినే తుడిచి బిగించాడు.

మర్నాడు దొరగారు కొడుక్కి సంబంధం చూడటానికి పొరుగు జమీకి బయలుదేరారు. తీరా ఆ కోట గుమ్మం కనిపించే మలుపులో కారు ఆగిపోయింది. ఎదురుగా కాబోయే వియ్యాలవారు పూలదండలతో నిలబడి చూస్తున్నారు.

"దిగి తొయ్యరా," అన్నారు దొరగారు పళ్లబిగువున.

పైడయ్య స్టీరింగు వదల్లేదు. "చిత్తం దొరా. కానీ పెద్దదొరగారి కాలంలో బండి ఆగితే నేను స్టీరింగు పట్టేవాణ్ణి, తమరు దిగి తోసేవారు. అన్నీ అలాగే ఉండాలన్నారు కదా. మారిస్తే నా కొలువు పోతుందని భయం."

దొరగారు పూలదండల వైపు చూశారు. తన జరీ పంచె వైపు చూసుకున్నారు.

"ఆ కొత్త ప్లగ్గులు ఎక్కడ తగలేశావు?"

"తమరి సీటు కిందే ఉన్నాయి దొరా," అన్నాడు పైడయ్య వినయంగా. "ఎలాగైనా తమరు కాస్త దిగాల్సిందే."