నూకాలు వీసాకి అత్తగారి పూచీ

అనగనగనగా, సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊళ్ళో ఒక అత్త, ఒక కోడలు. అత్త పేరు వీరాయమ్మ, కోడలు పేరు నూకాలు. ఒరేయ్ పండూ, కాళ్ళు ఝాడించకు, దుప్పటంతా నా మీంచి లాగేస్తున్నావు. ఊ కొట్టేవాళ్ళకే కథ, దుప్పటి లాగేవాళ్ళకి లేదు.

ఆ ఊరి నిండా తాటిచెట్లేనర్రా. మగాళ్ళు తెల్లారి లేస్తే చెట్టెక్కడం, దిగడం. దిగడం కుదరకపోతే పడడం. పడ్డవాడు బతికితే ఎముక విరిగేది. విరిగిన ఎముకని ఎవరికి తోచినట్టు వాళ్ళు కట్టేవారు. కట్టింది కట్టినట్టే వంకరగా అతుక్కునేది. దాంతో సగం ఊరు కుంటుతూనే ఉండేదిట. వీరాయమ్మ కొడుకు పోలయ్య కూడా అలాగే పడ్డాడు. ఎడంకాలు వంకరపోయింది. ఇంక చెట్టెక్కే యోగం లేక, అరుగు మీద కూర్చుని పక్కవాళ్ళకి మోకులు పేనుకుంటూ ఉండేవాడు.

ఇప్పుడు వీరాయమ్మ సంగతి చెప్పాలి. మంచిదే, మహా మంచిది, కానీ దిష్టంటే చచ్చేంత భయం. నరుడి కంటికి నల్లరాయైనా పగులుతుందని చిన్నప్పుడెవరో చెప్పారుట, ఆవిడ ఆ మాట కొంగున ముడేసుకుంది. ఇంట్లో ఏది బాగుంటే దాన్ని తిట్టేది. గేదె చెంబుల కొద్దీ పాలిస్తుంటే, ఏం గేదె లెండి వట్టిపోయిందనేది. గాదె నిండా ధాన్యం ఉంటే, ఏం ధాన్యం లెండి అన్నీ తాలేననేది. తను పెట్టిన పులుసు తిని ఎవరైనా లొట్టలేస్తే, ఉప్పు కషాయం, మొహమాటానికి తింటున్నారనేది. ఇంక కోడలి మాటెత్తితేనా, పొయ్యి ఊదడం రాదు, ముగ్గెయ్యడం రాదు, వట్టి మొద్దు, నా ఖర్మ అనేది. అలా అంటూనే ఆ పిల్ల నిద్రపోయాక వెళ్ళి దుప్పటి కప్పి వచ్చేది. అది మటుకు ఎవరికీ తెలీదు. తెలిస్తే దిష్టి తగలదూ?

ఊ కొడుతున్నారా? ఆ, అలా గట్టిగా కొట్టండి.

నూకాలు మొద్దేం కాదర్రా. పోలయ్య పడ్డ రోజు తాటిమట్టలు చీల్చి, పాతచీర చింపి, కాలికి కట్టు కట్టింది తనే. తన చేత్తో కట్టిన కట్టు, తన కళ్ళముందే వంకరగా అతుక్కుంది. అప్పట్నుంచీ ఆ పిల్లకి కంటిమీద కునుకు లేదు. కట్టడం తెలీక కట్టాను కదా, తెలిసినవాళ్ళ దగ్గర నేర్చుకుంటే ఇంకొకడి కాలైనా తిన్నగా ఉంటుంది కదా అని ఒకటే గుబులు. సముద్రం అవతల ఎముకలు అతికే బడి ఒకటుందనీ, వంకరపోయిన కాలుని కూడా అక్కడ మళ్ళీ విరిచి తిన్నగా చేస్తారనీ పడవవాళ్ళు చెప్పారు. నూకాలు ఆ బడివాళ్ళకి కబురు పెట్టింది. రా తల్లీ, ఈ పున్నమి పోటుకి పడవెక్కితే చేర్చుకుంటాం, పోటు దాటితే తలుపు మూసేస్తాం అని తిరుగు కబురొచ్చింది.

ఏవిట్రా? పోలయ్యనే అక్కడికి తీసుకెళ్ళచ్చు కదా అంటావా? అడిగావు, బాగానే అడిగావు. వాడొక్కడి కాలు బాగుపడితే, ఊళ్ళో మిగతా కాళ్ళ సంగతి ఎవరు చూస్తారు మరి?

సరే, వెళ్ళడం అంటే ఊరికే వెళ్ళిపోవడమా? రేవులో ఒక దొర ఉండేవాడు. ఆయన ముద్ర కొడితేనే పడవ ఎక్కనిస్తారు. ఏవిటే? దాన్ని వీసా అంటారా? అలాగే అను, నాకేం. వీసా కావాలంటే బడి వాళ్ళ పిలుపు ఏదీ అన్నారు. పిలుపు చూపిస్తే, నీ మొహం బొమ్మ ఏదీ అన్నారు. బొమ్మ తెస్తామంటే, తిండికీ బట్టకీ పూచీ ఏదీ అన్నారు. పూచీ ఉందంటే, పూచీ ఇచ్చే ఇంటిపెద్ద ఏదీ అన్నారు. ఇంటిపెద్ద ఎవరు? వీరాయమ్మ. మామగారు ఎప్పుడో పోయారు. ఇంక ఆవిడ గుండెలో రాయి పడింది.

ఊరంతా సలహాలు చెప్పేవాళ్ళే. ఉన్నవాళ్ళమని చెప్పు అని ఒకావిడ. ఉన్నవాళ్ళమంటే, మరి ఇంకా చదువెందుకే అని అడుగుతాడు, లేనివాళ్ళమని చెప్పు అని ఇంకొకావిడ. లేనివాళ్ళమంటే తిండెలాగ అంటాడు. వెళ్ళాలని మహా ఆశగా ఉందనాలిట. మరీ ఆశగా ఉందంటే, అక్కడే ఉండిపోతుందని అనుమానపడతాడుట. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. వీరాయమ్మకి ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో బుర్రకెక్కలేదు. అన్నంలో మజ్జిగనుకుని కుడితి పోసుకుంది ఆ పూట. నవ్వుతారేం, నిజంగానే పోసుకుంది.

బొమ్మలు గీసేవాణ్ణి పిలిపించారు. వాడు నూకాలు మొహం అచ్చు గుద్దినట్టు గీశాడు. వీరాయమ్మ చూసింది. పిల్ల కళకళలాడిపోతోంది. ఇంత కళ దొర కళ్ళలో పడితే ఇంకేమన్నా ఉందా అని, ఎవరూ చూడకుండా బొమ్మ బుగ్గ మీద కాటుకతో ఇంత దిష్టిచుక్క పెట్టేసింది.

తెల్లారి అత్తాకోడళ్ళు రేవుకి వెళ్ళారు. పెద్ద హాలు, హాలు నిండా జనం, జనం నిండా కళ్ళు. అన్ని కళ్ళు ఒక్కచోట చూసేసరికి వీరాయమ్మ కోడల్ని తన వెనక్కి లాక్కుంది. మన భాష దొరకి రాదు, దొర భాష మనకి రాదు. మధ్యలో దుబాసీ ఒకడు, ఇటు మాట అటూ, అటు మాట ఇటూ మోసేవాడు.

దొర బొమ్మ చూశాడు, పిల్లని చూశాడు. మళ్ళీ బొమ్మ చూశాడు. బొమ్మకి బుగ్గ మీద మచ్చ ఉంది, ఈ పిల్లకి లేదు, ఇద్దరూ ఒకరు కాదు అన్నాడు. నూకాలు తెల్లబోయింది. వీరాయమ్మ మటుకు గబుక్కున కోడలి కంటి కాటుక వేలికి రాసుకుని, దాని బుగ్గ మీద ఇంత చుక్క పెట్టి, ఇప్పుడు సరిపోయింది చూసుకోండి దొరగారూ అంది. దొర గడ్డం గోక్కున్నాడుట. దుబాసీ ఏం సర్ది చెప్పాడో ఏమో, మొత్తానికి ఆ గండం గడిచింది.

నూకాల్ని అడిగినవాటికి నూకాలు చక్కగా చెప్పింది. మా ఊళ్ళో కాళ్ళు ఇలా ఉన్నాయి, నేను కట్టిన కట్టు ఇలా అయింది, నేర్చుకుని వచ్చి మావాళ్ళకి చెయ్యాలి అంది. దొర తల ఊపాడు. తర్వాత ఇంటిపెద్దని ముందుకి రమ్మన్నాడు.

మీకేమున్నాయి, ఈ పిల్లని చదివించడానికి అని మొదటి ప్రశ్న. ఉన్నాయర్రా వాళ్ళకి, తోటెడు తాటిచెట్లున్నాయి, పాడి ఉంది, గాదె నిండా గింజలున్నాయి. కానీ హాలు నిండా కళ్ళు. వీరాయమ్మ నోట్లోంచి అలవాటైన మాటే జారింది. ఏముంది దొరగారూ, కలో గంజో తాగి బతుకుతున్నాం అంది. దుబాసీ ఆ మాటని అలాగే మోసుకెళ్ళి దొర చెవిలో వేశాడు.

పిల్ల తెలివైనదేనా, అంత చదువు చదవగలదా అని రెండో ప్రశ్న. దానికేం తెలుసండీ, మొద్దు, పొయ్యి ఊదడం కూడా రాదు అంది. అదీ మోశాడు.

చదువయ్యాక తిరిగొస్తుందా అని మూడో ప్రశ్న. తప్పకుండా వస్తుందని గట్టిగా అంటే విధి వింటుందేమో. ఏమో బాబూ, రేపటి సంగతి ఎవరు చూశారు అంది. అదీ మోశాడు.

దొర ముద్రకి పోసే లక్క డబ్బా మూసేశాడు. తిండికి లేదు, తెలివి లేదు, తిరిగి రాదు, ఇంటివాళ్ళే చెబుతుంటే నేనెలా ముద్ర కొడతాను, వెళ్ళిరండి అన్నాడు.

వీరాయమ్మకి ఏం జరిగిందో అర్థం కాలేదు. బయటికొచ్చి, నేనేం తప్పు మాట్లాడానే, అణకువగానే మాట్లాడాను కదా, ఏ దిష్టీ తగలకుండా ఒబ్బిడిగా చెప్పాను కదా అని ఒకటే గొణుగుడు. నూకాలు ఏడవలేదు, అరవలేదు. రేవుగోడకి ఆనుకుని నుంచుని నెమ్మదిగా అంది.

"నీ తప్పేం లేదత్తా. నాలుగేళ్ళుగా ఇంట్లో అంటున్నదే అక్కడా అన్నావు. నీకు నేనంటే అంతే కదా."

అంతే కదా అంది. వీరాయమ్మకి ముందు ఆ మాట చెవికెక్కలేదు. ఎక్కాక రేవంతా గిర్రున తిరిగింది. అదేవిటి, ఈ పిల్ల అవన్నీ నిజమనుకుందా? మొద్దంటే మొద్దనే అనుకుందా? గేదెని వట్టిపోయిందంటే ఊళ్ళో ఎవరూ నమ్మరు, చెంబు పట్టుకుని పాలకొస్తారు. పులుసు కషాయమంటే ఎవరూ నమ్మరు, ఇంకో గరిట వడ్డించమంటారు. మరి ఈ పిచ్చిది నాలుగేళ్ళూ నమ్ముకుంటూ కూర్చుందా? నమ్మి, నమ్మినదాన్ని కడుపులో పెట్టుకుని, నాకు రోజూ కాళ్ళు పట్టిందా? అంత కుమిలిపోయిందర్రా ఆవిడ. అటు చూస్తే పోటు లేస్తోంది, పడవవాళ్ళు తెరచాపలు విప్పుతున్నారు.

ఏం చేసిందనుకున్నారు? ఊ కొట్టండి మరి.

కోడలి చెయ్యి పట్టుకుని గిర్రున వెనక్కి తిరిగింది. కాపలావాడు అడ్డమొస్తే పక్కకి తోసేసి, లోపల ఎవరిదో వంతు నడుస్తుంటే వాళ్ళనీ జరగమని, దొర ముందు నుంచుంది. ఇందాకటి మాటలు మాటలు కావు, ఇప్పుడు చెప్పేవి రాసుకోండి అంది. దొరకి మతిపోయింది. ఒక్క పూటలో రెండు రకాల మాటలైతే ఏది నిజమని నమ్మాలి అని దుబాసీ చేత అడిగించాడు. అదే కదా, ఎలా నమ్మించాలో ఆవిడకి మాత్రం తెలుసా? ఒళ్ళంతా వణుకు. అటు కళ్ళు, ఇటు కళ్ళు. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారీ పైకి అనని మాటలు ఇప్పుడు ఇంతమంది ముందు అనాలి. ఒక చేత్తో కోడలి మొహం కొంగుతో కప్పేసి, కళ్ళు గట్టిగా మూసుకుని మొదలెట్టింది.

"నా కోడలు బంగారం. నాకు తోటుంది, పాడి ఉంది, దీన్ని చదివించుకోలేని దాన్ని కాదు. నా కొడుకు చెట్టు మీంచి పడిననాడు నేను గుండెలు బాదుకుంటూ కూర్చుంటే, కట్టు కట్టింది ఇదొక్కత్తే. వంకరపోయిందని ఇది పడే బాధ నేను రోజూ చూస్తున్నాను, చూడనట్టు నటిస్తున్నాను. ఇంతటి పిల్ల నా ఇంటికొచ్చిందంటే నా అదృష్టం. తిరిగొస్తుందా అంటారా, వస్తుంది. రాకపోతే సముద్రానికి అడ్డంపడి నేనే వెళ్ళి తెచ్చుకుంటాను."

దుబాసీ ఒక్క మాటా కింద పడనివ్వకుండా దొర చెవికి మోశాడుట. కొంగు కింద నూకాలు ఏడుస్తోంది. వీరాయమ్మకి మటుకు ఇంకా పని మిగిలే ఉంది. ఇంత మెచ్చుకున్నాక ఊరుకుంటుందా? ప్రయాణమంటే ఆవిడ బొడ్డులో ఉప్పూ ఎండుమిరపకాయలూ లేకుండా గడప దాటదు. తీసి, కోడలి చుట్టూ గిరగిరా తిప్పి, ఇరుగు దిష్టి పొరుగు దిష్టి, రేవు దిష్టి పడవ దిష్టి, దొర దిష్టి దుబాసీ దిష్టి అని చదివి, లక్క కరిగించే కుంపట్లో పడేసింది.

ఇంక చూసుకోండి. హాలంతా పొగ. దొరకి దగ్గు, దుబాసీకి దగ్గు, కాపలావాడికి దగ్గు. వీరాయమ్మ మొహం చేటంతయింది. దిష్టి ఉంటే మిరపకాయలు మాడినా ఘాటు రాదంటారు, ఘాటొచ్చిందంటే దిష్టి లేనట్టే కదర్రా. ఇంతమందిలో ఒక్కరి కన్నూ చెడ్డది కాదు అని అందరికీ దణ్ణం పెట్టింది.

దొర కళ్ళు తుడుచుకుని ఏమన్నాడో తెలుసా? రోజంతా నా ముందుకొచ్చి మమ్మల్ని మించినవాళ్ళు లేరని చెప్పేవాళ్ళే. నోరు తెరిచి ఒక మంచిమాట అనడానికి ఇంత వణికిన మనిషిని నేను చూడలేదు, ఇంత వణుకుతూ చెప్పింది అబద్ధం కాదు అన్నాడు. దగ్గుతూనే లక్క పోశాడు, దగ్గుతూనే ముద్ర కొట్టాడు.

నూకాలు పోటు దాటకుండా పడవెక్కింది. వెళ్ళింది, చదివింది. విరిచి అతకడం, అతికి నడిపించడం అన్నీ నేర్చుకుంది. అన్న మాట ప్రకారం తిరిగొచ్చింది. పోలయ్య కాలు మళ్ళీ విరిచి తిన్నగా కట్టింది. వాడు ఊరు ఎగిరిపోయేలా అరిచాడనుకోండి, కానీ మళ్ళీ చెట్టెక్కాడు. ఊళ్ళో కాళ్ళన్నీ ఒక్కొక్కటే చక్కబడ్డాయి.

అదంతా సరేగానీ, ఆ పిల్ల పడవ దిగిన రోజు సంగతి వినండి. రేవులో ఊరంతా ఉంది. వీరాయమ్మ అందరికంటే ముందుంది. కోడలు కనబడగానే ఏమందనుకున్నారు?

"ఇదేం అవతారమే, నల్లగా కమిలిపోయావు, ఎండుచేపలా చిక్కిపోయావు. ఇంతోటి చదువూ చదివి ఏం బావుకున్నావే, మొద్దూ."

చుట్టూ ఉన్నవాళ్ళు, అయ్యో, ఇన్నాళ్ళకొస్తే ఇదా పలకరింపు అని నొచ్చుకున్నారు. నూకాలు మటుకు పరిగెత్తుకుంటూ వచ్చి అత్తని కావలించుకుని, ఇంకా తిట్టు అత్తా, ఇంకో రెండు తిట్టు అందిట.

అందుకే చెబుతున్నా, మనసులో మంచిమాట ఉంటే జీవితంలో ఒక్కసారైనా పైకి అనాలర్రా. అది ఒక్కసారి చెవిన పడితే, ఆ తర్వాత ఎన్ని తిట్లు తిట్టినా అవతలివాళ్ళు సరిగ్గానే అర్థం చేసుకుంటారు. దిష్టి తగిలితే ఉప్పూ మిరపకాయలూ ఉన్నాయి. చెప్పకుండా ఉండిపోయిన మాటకి ఏ మందూ లేదు.

కథ పడవెక్కి కంచికి పోయింది, మనకి వీసా లేదు గనక మనం ఈ పక్క మీదే పడుకుందాం. కళ్ళు ముయ్యండి.