కోటగుమ్మంలో మగతోడు

సిద్ధలింగప్పగారికి వాదనంటే గిట్టదు. ఎవరైనా శాస్త్రం ఎత్తుకుంటే, "ముందు ఇది విను" అని ఏదో ఒక ముచ్చట మొదలుపెట్టేవారు. ఆ రోజు అడిగినవాడు సుదర్శనం, ఆయన శిష్యులమైన మాలో బాగా చదువుకున్నవాడు. "గురువుగారూ, నిరంకుశుడు ఆడవాళ్లను ఇంట్లో కూర్చోబెడతాడు. తిరుగుబాటుదారులు వాళ్ల చేతికి కత్తిస్తారు. వీళ్లు గెలిస్తే ఆడవాళ్ల బతుకు బాగుపడినట్టే కదా?" చదువెక్కువైనవాళ్ల ప్రశ్నలు ఇలాగే ఉంటాయి, జవాబు కూడా వాళ్లే చెప్పేసుకుంటారు.

గురువుగారు చెప్పింది ఇదీ.

ఒక కోటలో రాజు శాసనం ఉండేది: మగతోడు లేకుండా ఏ ఆడదీ కోటగుమ్మం దాటకూడదు. తిరుపాలమ్మ చెల్లెలికి నొప్పులొచ్చిన రోజు, బయటి ఊరి మంత్రసాని తోడు దొరక్క గుమ్మం దగ్గరే ఆగిపోయింది. లోపల ఆ చెల్లెలు కాన్పు కాక చచ్చిపోయింది. ఆ కడుపుమంటతోనే తిరుపాలమ్మ తిరుగుబాటులో చేరింది. ఆఖరి రోజు లోపలినుంచి కోట తలుపు గడియ తీసింది ఆవిడే. కొత్త నాయకుడు సంతోషించి సభలో ఆసనం ఇస్తానన్నాడు. ఆవిడకు కావలసింది ఒక్కటే, ఆ శాసనం కొట్టేయించడం.

సభనాడు కోటగుమ్మం దగ్గరికి ఒంటరిగా వచ్చింది. ఆవిడ దగ్గరే కత్తి పట్టడం నేర్చుకున్న ఓబులేసు గుమ్మంలో ఈటె అడ్డం పెట్టాడు.

"మగతోడేదక్కా?"

"ఒరేయ్, అది పాత రాజు శాసనం కదరా!"

"సభలో కొట్టేసేదాకా ఉన్నట్టే కదక్కా."

"కొట్టేయించడానికే పోతున్నా!"

"అయితే ఎవరినైనా వెంటబెట్టుకుని రా."

బురుజు మీది నుంచి నాయకుడు విని నవ్వాడే గానీ కిందికి రాలేదు.

తిరుపాలమ్మ మొగుడు పోరులోనే పోయాడు. వీధిలో కనిపించిన మగాడు వీరప్ప ఒక్కడే. పాత రాజు భటుడు, శాసనం తప్పిన ఆడవాళ్లను మొన్నటిదాకా కొరడాతో కొట్టినవాడు. సిగ్గు చంపుకుని వాణ్ణే పిలిచింది. ఓబులేసు వాణ్ణి ఒక్క మాటా అడగలేదు. లోపల సభవాళ్లు, ఆవిడకని ఖాళీగా ఉంచిన ఆసనం మీద వీరప్పను కూర్చోబెట్టి, ఆవిడను వెనక నిలబెట్టారు. నోరు తెరవబోతే, "మీ తరఫున ఆయన చెప్తాడులేమ్మా" అన్నారు. వీరప్ప లేచి గొంతు సవరించుకుని, శాసనం ఉండడమే మంచిదన్నాడు.

కథ వింటూ పక్కన కూర్చున్న నాకు ఒళ్లు మండిపోయింది. సుదర్శనం కూడా కాసేపు నొచ్చుకున్నాడు, పాపం. తర్వాత తేరుకుని, "అన్యాయమే గురువుగారూ. కానీ కొత్త రాజ్యం, కుదుటపడాలి కదా. ఆవిడ కొన్నాళ్లు ఓపిక పట్టాల్సింది" అన్నాడు.

"పట్టింది నాయనా," అన్నారు గురువుగారు. "ఇప్పుడు ఆ నాయకుడి మనవడు ఏలుతున్నాడు."