నెమలికంటే పై మెట్టు

ఇది అడవి సంగతి. వింటూ వింటూ మీ ఊళ్ళో ఎవరైనా గుర్తొస్తే నా పూచీ లేదు.

నల్లవాగు ఒడ్డున మద్దిచెట్టు మీద ఒక కొండముచ్చు ఉండేవాడు. సాయంత్రం దుప్పులు నీళ్ళకి దిగేవేళ పైనుంచి గడ్డిని కనిపెడుతూ కూర్చోవడం వాడి పని. ఆ అడవికి దొర పెద్దపులి. పులి జాడ కనబడగానే వాడు గొంతు చించుకుని అరిచేవాడు, దుప్పులు పరుగు తీసేవి. అరుపు లేదంటే పులి లేదనుకుని నిశ్చింతగా నీళ్ళు తాగేవి.

అంతా బాగానే ఉండేది, నెమలికి దొరవారి గుహ ముందు రాతిమెట్టు దక్కేదాకా. పొద్దున్నే అది మెట్టెక్కి "దొరవారు నిన్న కూడా ఎవరినీ ముట్టుకోలేదు" అని చాటేది. మంత్రి నక్క దానికి ఏరి ఏరి గింజలు తెచ్చి పెట్టేది. చూసి చూసి కొండముచ్చుకి కడుపు రగిలిపోయింది.

"తోక విప్పడం తప్ప దానికేం వచ్చు?" అన్నాడు ఒక పిల్లతల్లి దుప్పితో. "ఇన్నేళ్ళుగా అరుస్తున్నాను, నన్ను పిలిచి కూర్చోమన్నవాడు లేడు."

"మేమంతా నీ మాటే వింటున్నాం కదా మావా."

"మీరు వింటే నాకేం ఒరిగింది?"

ఈ మాట నక్క చెవిన పడింది. మర్నాడే చెట్టుకింద వాలింది.

"అన్నా, నీలాంటివాడు ఇలా కొమ్మలు పట్టుకు వేలాడ్డమేంటి? దొరవారు బాధపడుతున్నారు."

"అరవడం మానెయ్యమంటారు, అంతేగా?"

"రామరామ, ఎవరి గొంతు వాళ్ళది. హాయిగా అరువు. అరిచేముందు నాకొక్క మాట చెప్పు, నిజమో కాదో విచారించి సరేనంటాను. గాలికి గడ్డి కదిలినా పులి అనేస్తే దొరవారి పరువేం కాను?"

కొండముచ్చు అడగాల్సినవి చాలా ఉన్నాయి. బుద్ధిలేనివాడు, ఒక్కటే అడిగాడు.

"నెమలికంటే పై మెట్టు ఇస్తారా?"

"రెండు మెట్లు పైన."

ఎక్కేశాడు. కింద నెమలి మొహం మాడిపోవడం చూసిన సంబరంలో వాడికి ఆ పూట ఆకలే వెయ్యలేదు.

మూడోనాటి సాయంత్రం వాగు పక్క గడ్డిలో నల్లచారలు కదిలాయి. మెట్టు మీదనుంచి స్పష్టంగా కనబడ్డాయి. అరుపు గొంతుదాకా వచ్చింది. నెమలి వాడివైపే చూస్తోంది, ఎప్పుడు తప్పు చేస్తాడా, పై మెట్టు ఎప్పుడు ఖాళీ అవుతుందా అని. కొండముచ్చు అరుపు మింగేసి నక్కని పిలిచాడు.

"తమ్ముడూ, వాగు దగ్గర పులి ఉంది."

"ఉండు, విచారించి వస్తాను."

నక్క తాపీగా వెళ్ళి తాపీగా వచ్చింది. "నిజమే అన్నా. ఇప్పుడు అరువు."

అప్పటికే దుప్పి పిల్ల పులి నోట్లో ఉంది.

తల్లి దుప్పి మెట్లదాకా వచ్చి నిలబడింది. "నీకు కనబడలేదా మావా? నీ గొంతు వినబడలేదు కదా, భయం లేదనుకుని నేనే దాన్ని ముందు దింపాను."

కొండముచ్చు తల వంచుకున్నాడు. దుప్పి వెనక్కి తిరిగి మందవైపు వెళ్ళిపోయింది.

మర్నాటినుంచి దుప్పులు ఆ రేవు మానేశాయి. వాగు ఎగువన ఇసుకలో తీతువు పిట్ట ఉండేది, అపశకునమని అందరిచేతా తిట్లు తినే పిట్ట. దాని దగ్గరికి పోయి నీళ్ళు తాగడం మొదలుపెట్టాయి. దొరవారికి నాలుగు రోజులు పస్తు. ఐదోనాడు నక్క వచ్చి "దిగు" అంది.

"మీరు చెప్పినట్టే నడుచుకున్నాను కదా?"

"నీ అరుపుతో మాకు పనెప్పుడుంది? నువ్వు అరవకపోతే పులి లేదని వాళ్ళు నమ్మేవాళ్ళు. మెట్టు ఇచ్చింది ఆ నమ్మకానికి. అది పోయాక నువ్వు ఉత్త కోతివి."

వాడు మళ్ళీ మద్దిచెట్టెక్కాడు. నిజంగానే పులి ఎగువకి పోతుంటే చూసి గొంతు పోయేలా అరిచాడు. ఒక్క దుప్పీ తల తిప్పలేదు. అంతలో ఇసుకలోంచి తీతువు కూసింది. చెవులన్నీ ఒక్కసారి నిక్కాయి, మందకి మంద వాగు దాటిపోయింది. ఆ పిట్టకి మెట్టూ లేదు, గింజా లేదు. దాన్ని చూసి కొండముచ్చు ఏడ్చినంతగా నెమలిని చూసి కూడా ఏడవలేదు.

నేను చెప్పేది ఇంతే: ఏలేవాడి పక్కన చోటు కోసం నోరు తాకట్టు పెట్టినవాడికి వినేవాళ్ళ చెవిలో చోటు మిగలదు.