అరసోల సీసా

రాజుగారు కొత్త బాట వేయించాక పాత బాటలో మనిషి అలికిడే లేదు. అక్కడ సుగంధి షర్బత్ అమ్మే సూరీడమ్మ తన సీసాలతోనే మాట్లాడుకునేది.

ఓ రోజు కొలతల అధికారి భుజంగయ్య ఆమె కొట్టు ముందు పల్లకీ దిగాడు. సీసా మీది చీటీలో 'అరసోల' అనుంది. కొలిస్తే గుక్కెడు తక్కువ.

"చీటీకీ కొలతకీ తేడా వస్తే, సరయ్యేదాకా నేనే రోజూ వచ్చి చూస్తాను. ఆ చట్టం రాసింది నేనే!" అని గర్జించాడు.

మర్నాడూ గుక్కెడు తక్కువే. పది రోజులూ అంతే. రోజూ సూరీడమ్మ పీట వేసేది. ఆయన కూర్చుని, కొలిచి, ఆ షర్బత్ తాగి, నాలుగు తిట్లు తిట్టి వెళ్ళేవాడు.

చివరికి విసిగి, "రేపు తక్కువైతే కొట్టు మూయిస్తా!" అన్నాడు.

మర్నాడు కొలిస్తే గుక్కెడు ఎక్కువ!

"ఎక్కువైనా తేడాయే కదా దొరా! రేపు మళ్ళీ రావాలి మీరు."

భుజంగయ్య నోరెళ్ళబెట్టాడు. "అరసోల సరిగ్గా పొయ్యడం రాదటే నీకు?"

"నలభై ఏళ్ళుగా వచ్చు దొరా," అంది సూరీడమ్మ, పీట తుడుస్తూ. "సరిగ్గా పోస్తే మీరు రారుగా!"