బొల్లిగాడి నాలుక

అనగా అనగా మల్లెలగిరికి ఒక రాజు. కదలకుండా కూర్చుంటేనే చెబుతా, సరేనా? ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. చిన్నవాడు ఉదయసేనుడు. అతనికో కుక్క, పేరు బొల్లిగాడు. బంగారంలాంటివాడే గానీ మనిషి కనిపిస్తే చాలు, ఎగబడి నాకేసేవాడు. మంత్రిగారి గడ్డం నాకేవాడు. పురోహితుడి పాదాలు నాకేవాడు, పాపం ఆయన మళ్ళీ స్నానానికి పరిగెత్తేవాడు. రాజుగారిని నాకితే ఆయన "ఇక వదలరా నాయనా" అని నోట్లో బెల్లం ముక్క పెట్టేవారు. అదర్రా ఆ కోటలో ఆనవాయితీ. నాకితే బెల్లం దొరుకుతుంటే వాడెందుకు మానతాడు?

అలా ఉండగా, ఉదయసేనుడికి ఇచ్చి పెళ్ళి చేద్దామనుకున్న మందారవల్లిని ధూమ్రకేశుడనే మాంత్రికుడు ఏడు సముద్రాల అవతలికి ఎత్తుకుపోయాడు. వాడి ప్రాణం ఒక చిలకలో ఉంది. ఆ చిలకేమో వంద చిలకల మధ్య ఉంది, అన్నీ ఒకే పోలిక. మాంత్రికుడి వాసన పట్టి దాన్ని చూపించాలంటే కుక్కే కావాలి.

పెద్దన్న తన వేటకుక్కతో వెళ్ళాడు, ఒక్కడే తిరిగొచ్చాడు. రెండో అన్న తన వేటకుక్కతో వెళ్ళాడు, అతనూ ఒక్కడే తిరిగొచ్చాడు.

"ఆ మాంత్రికుడు చేతికి తేనె పూసుకుంటాడురా తమ్ముడూ. తేనెలో విషం. కుక్క నాకిందా, అంతే," అన్నాడు రెండో అన్న కళ్ళు తుడుచుకుంటూ.

ఉదయసేనుడు బొల్లిగాడి వైపు చూశాడు. వేటకుక్కలే ఆగలేకపోతే ఇక బొల్లిగాడి సంగతి చెప్పాలా? నాకినప్పుడల్లా వాణ్ణి తిట్టాడు. తిడుతూ తిడుతూ నవ్వేశాడు, వాడు అదేదో ఆటనుకుని ఇంకా నాకాడు. మూతికి చిక్కం కట్టాడు, విప్పగానే రెండింతలు నాకాడు. ఏం చెయ్యాలో పాలుపోక, వాణ్ణి వెంటబెట్టుకుని అలాగే బయలుదేరాడు.

సముద్రం ఒడ్డున ఒక ముసలి తాబేలు "ఎక్కండి బాబూ, దాటిస్తా" అంది. ఎక్కీ ఎక్కగానే బొల్లిగాడు దాని తల నాకాడు. తాబేలు తిట్టలేదు, తొయ్యలేదు. తల డిప్పలోకి లాక్కుని నీళ్ళ మీద ఊరికే ఆగిపోయింది. నాకడానికి ఏమీ లేదు, పలకరించేవాళ్ళూ లేరు. బొల్లిగాడు కాసేపు అటూ ఇటూ తిరిగి చతికిలబడ్డాడు. అప్పుడు తాబేలు తల బయటపెట్టి "మంచివాడివిరా" అంది.

"ఇంత తేలికా తాతా?" అన్నాడు ఉదయసేనుడు.

"తేలికేం కాదు బాబూ. వాడు నాకినప్పుడల్లా మీరేదో ఒకటి ఇచ్చారు. బెల్లమో, తిట్టో, నవ్వో. ఇక ఏమీ ఇవ్వకు, మొహం తిప్పేసుకో. ఊరుకున్నప్పుడు దగ్గరికి తీసుకో."

మొదటి సముద్రంలో ఉదయసేనుడు మొహం తిప్పుకున్నాడు. రెండో సముద్రంలోనూ అంతే. మూడో సముద్రంలో బొల్లిగాడు కుయ్యో కుయ్యోమంటే అతని ప్రాణం ఉసూరుమంది, అయినా చూడలేదు. వాడు కూర్చోగానే ఒళ్ళోకి తీసుకుని నిమిరాడు. దారిలో దీవులు తగిలితే, అక్కడి పల్లెకారుల్ని బతిమాలి ఉత్త తేనె పూసిన చేతులు చాపించాడు. నాకబోతే వాళ్ళూ చెయ్యి లాక్కుని మొహం తిప్పుకునేవాళ్ళు. ఏడో సముద్రం దాటేసరికి బొల్లిగాడు ఎవరైనా చెయ్యి చాపితే ముందు కూర్చోవడం నేర్చుకున్నాడు.

మాంత్రికుడి గుహ వచ్చింది. ఉదయసేనుడు రాతి స్తంభం చాటున నక్కాడు. నోరు విప్పితే దొరికిపోతాడు. మాంత్రికుడు తేనె కారుతున్న చెయ్యి చాపి "రారా కుక్కా, రా" అన్నాడు. బొల్లిగాడు వాసన చూశాడు. నాలుక బయటికొచ్చింది. ఉదయసేనుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

నాలుక లోపలికెళ్ళింది. బొల్లిగాడు బుద్ధిగా కూర్చుని మొహం పక్కకి తిప్పుకున్నాడు.

"ఇదేం కుక్కరా" అని మాంత్రికుడు తెల్లబోయి చూస్తుండగానే, బొల్లిగాడు ఆ చేతి వాసన పట్టి పంజరాల దగ్గరికి పరిగెత్తి ఒక్క చిలక ముందు నిలబడి మొరిగాడు. ఉదయసేనుడు దూకి దాని మెడ నులిమాడు. మాంత్రికుడి పీడ విరగడైంది, మందారవల్లి చెర వదిలింది.

హమ్మయ్య అనుకుంటూ ఉదయసేనుడు నేలమీద కూలబడి బొల్లిగాణ్ణి కావలించుకున్నాడు. కళ్ళనీళ్ళు ఆగలేదు. "ఒక్కసారి నాకరా," అన్నాడు. వాడు మొహం తిప్పుకుని కూర్చున్నాడు.

"మీరంటే వాడికి ఇష్టం లేదా?" అంది మందారవల్లి వింతగా.

"ఇష్టం లేకేం? వాడు ఇందాక నాకి ఉంటే నేనూ మా అన్నల్లాగే ఒక్కణ్ణే ఇంటికి పోయేవాణ్ణి."

ఊరంతా పందిళ్ళు వేసి ఇద్దరికీ పెళ్ళి చేశారు. వాళ్ళు చాలాకాలం చల్లగా రాజ్యమేలారు. బొల్లిగాడు ముసలివాడై, పళ్ళన్నీ ఊడి, ఉదయసేనుడి కాళ్ళ దగ్గరే హాయిగా గురకపెట్టి నిద్రపోయేవాడు.