నూకాలు నోట వేసుకున్న మందు

అనగనగా అని నేనంటే మీరు ఊఁ అనాలి. ఊఁ కొట్టకపోతే నాకు కథ సాగదు, ముందే చెబుతున్నాను. ఆఁ, అలాగ. అనగనగా ఓ ఏరు. ఏటి ఒడ్డున ఓ ఊరు. ఊరి చివర, పడవల రేవు పక్కన ఓ మందుల పాక. మీ తాతల తాతలు కూడా పుట్టని రోజులు.

ఆ పాకలో సోమయ్య అని ఓ వైద్యుడుండేవాడు. చలిజ్వరం పట్టిన బీదాబిక్కీ అంతా ఏరు దాటి ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేవాడు కాదు. శొంఠి, మిరియాలు, పిప్పళ్లు దంచి కషాయం కాచి పోసేవాడు. అయితే ఏం లాభం? వైద్యుడున్నాడు, పొయ్యి ఉంది, మందు సరుకు లేదు.

ఆ ఊళ్లోనే నూకాలు అని ఓ ఆడమనిషి. ఇంటింటికీ వెళ్లి బియ్యం, పప్పులు చేటతో చెరిగిపెట్టడం ఆవిడ పని. మొగుడు పోయాడు. ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి జ్వరం వచ్చిన రోజున పాకలో చిటికెడు శొంఠి లేదు. సోమయ్య ఊళ్లో అడిగి తెచ్చేసరికి పిల్ల పోయింది. శొంఠి కొమ్ము లేక పిల్ల పోవడమేమిటర్రా? తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

నూకాలు ఏడ్చి ఏడ్చి లేచింది. చేట పట్టుకుని గడప గడపా ఎక్కింది. "అమ్మా, నేను చెరిగినందుకు నాకింత గంజి పోస్తే చాలు. మిగతా కూలికి పాకకి మందు సరుకు పెట్టండి. ఇంకో తల్లికి నా గతి పట్టకూడదు," అంది.

ఇచ్చారు. లేదనలేదు, అందరూ ఇచ్చారు. ఎలాంటివి ఇచ్చారో వినండి. ఆ ఊళ్లో కొత్త పంట ఇంటికొచ్చే ముందు, ఎలకల బెడదకి ప్రతి ఇంటి అటక మీదా విషం పెట్టేవాళ్లు. అక్కడ మిగిలిన పాత సరుకు ఇక వంటకి వాడేవాళ్లు కాదు, దించి ఓ మూల పడేసేవాళ్లు. నూకాలు గుమ్మంలోకి రాగానే వాళ్లకి ఆ మూలే కనిపించేది. మొదటి ఇంటావిడ పుచ్చిన శొంఠి పోసింది. "ఊరికే ఇచ్చేదేగా, ఇది చాల్లే," అనుకుంది. రెండో ఇంటావిడ బొప్పాయి గింజలు కలిసిన మిరియాలు పోసింది. ఊరికే ఇచ్చేదేగా, ఇది చాల్లే. మూడో ఇంటావిడ బూజు పట్టిన పిప్పళ్లు పోసింది. ఆవిడా అదే మాట. సిగ్గుండాలి.

నూకాలు పల్లెత్తు మాట అనేది కాదు. రేవు మెట్ల మీద కూర్చుని చెరిగేది, ఏరేది, ఒక్కోదాంట్లోంచి ఓ పలుకు నోట వేసుకునేది. కాసేపు ఆగి, అప్పుడు పాకలో ఇచ్చేది. అది చూసి జనం ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. "పాకకని అడుక్కుని దారిలోనే నమిలేస్తోంది చూడు వదినా," అనేవాళ్లు. పెద్దింటి వరాలమ్మయితే మొహం మీదే అడిగేసింది.

"రోగుల నోటి దగ్గర కూడు తింటున్నావు, అరుగుతుందిటే నీకు?"

"అరుగుతుందమ్మా," అని నూకాలు చేట ఎత్తుకుని వెళ్లిపోయింది.

ఓ ఏడాది వరద తీశాక జ్వరాలు ఊరి మీద పడ్డాయి. ఈసారి బీదా లేదు, గొప్పా లేదు. పాక నిండా పిల్లలు. వరాలమ్మ మనవరాలు కూడా వరాలమ్మ ఒళ్లోనే, కళ్లు తేలేసి పడుంది. పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. అందరి కళ్లూ మెట్ల మీదున్న నూకాలు వైపే.

నూకాలు చెరిగింది. ఏరింది. నోట వేసుకుంది.

"పిల్లలు చచ్చిపోతుంటే ఇప్పుడూ తిండేనా? ఇలా తే," అని వరాలమ్మ పిల్లని పక్కన పడుకోబెట్టి వచ్చి చేట పట్టుకుంది. నూకాలు వదల్లేదు. వరాలమ్మ లాగింది. నూకాలు ఆవిణ్ణి ఒక్క తోపు తోసి, చేటలోదంతా ఏట్లో కుమ్మరించింది.

పాకంతా తిట్లతో గొల్లుమంది. ఆ తిట్లు ఇంకా ఆగనే లేదు, నూకాలు మెట్ల మీద కూలబడింది. పెదాలు నల్లబడ్డాయి.

"ఇలాంటి సరుకు పిల్లలకి పొయ్యకండయ్యా," అంది సోమయ్యతో. "నాలుక మొద్దుబారిపోతోంది. పొయ్యకండి."

సోమయ్య నాడి పట్టుకునే ఉన్నాడు. అది ఆయన చేతిలోనే ఆగిపోయింది.

సోమయ్య తలెత్తి అడిగాడు. "ఈ మనిషి రోజూ ఇలా తిని చూసే నాకిస్తోందా?" ఎవరు చెబుతారు? నమిలేస్తోందని నవ్విన నోళ్లే కదా అన్నీ. "ఎవరింటి సరుకిది?" అని అడిగాడు. నాది కాదని అనడానికి ఒక్కరికీ ధైర్యం చాల్లేదు. అందరూ అటక మీదవే పోశారు, అన్నీ ఒకే చేటలో కలిశాయి.

ముందు కదిలింది వరాలమ్మే. ఇంటికి పరిగెత్తి తమ వంటకని దాచుకున్న మంచి సరుకంతా తెచ్చింది. సోమయ్య చెయ్యి చాపాడు. ఆవిడ ఇవ్వలేదు. నూకాలు పక్కన కూర్చుని ఒక్కోదాంట్లోంచి ఓ పలుకు నోట వేసుకుంది. కాసేపు ఆగింది. మనవరాలి వంక చూస్తూనే ఆగింది. అప్పుడు ఇచ్చింది. వెనకాలే తక్కిన ఇళ్లవాళ్లూ తెచ్చారు. ఆ రోజు పాకలో ఉన్న పిల్లలంతా బతికారు.

ఇప్పటికీ ఆ రేవులో మందు దానం ఇచ్చేవాళ్లు, ఎంతటి వాళ్లైనా సరే, మెట్ల మీద కూర్చుని అందరి ఎదుటా ఓ పలుకు నోట వేసుకోవాలి. "నూకాలు కూర్చున్న చోట కూర్చున్నావా?" అని అడుగుతారు. కూర్చోనిదే పుచ్చుకోరు.

అయితే ఆ విషం ఎవరింటిదీ అంటారా? తెలియలేదర్రా. అందుకే ఆ ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ నూకాలుని చంపింది మేమేనంటారు.